నీళ్ళలో తేలిగ్గా వచ్చిన రాయి, పైకొచ్చాక తాడు ఎందుకు తెంపింది?

మీ ప్రశ్న ముందు క్లుప్తంగా చెప్తాను, తర్వాత చదివేవాళ్ళకు కూడా అర్థమవుతుంది. మీ ఊరి కోనేరులో పూడిక తీస్తుంటే పదిహేను అడుగుల నీళ్ళ కింద ఒక గ్రానైట్ స్తంభం కనబడింది. అయిదడుగుల పొడవు, తొమ్మిది అంగుళాల చదరం. నీళ్ళలోకి దిగిన కుర్రాళ్ళిద్దరూ కలిసి ఒక కొస పైకెత్తి చూసి "నూట ముప్పై, నూట నలభై కిలోలు ఉంటుందేమో" అన్నారు. ఆ లెక్కతో పాత తాడు కట్టి కప్పీ మీద లాగితే, నీళ్ళలో ఉన్నంతసేపూ బాగానే వచ్చింది. ముప్పాతిక వంతు బయటపడ్డాక తాడు పుటుక్కున తెగి, రాయి మళ్ళీ అడుగుకు పోయింది. కింద ఎవరూ లేకపోవడం మీ అందరి అదృష్టం. మీ రెండో సందేహం: లోతుకు వెళ్ళేకొద్దీ ఒత్తిడి పెరుగుతుంది కదా, అలాంటప్పుడు ఎంత లోతులో ఉంటే వస్తువు అంత తేలికవ్వాలి కదా అని.

నేను విశాఖలో పోర్టు పనుల్లో డైవర్‌గా మొదలుపెట్టి, తర్వాత జలాశయాల గేట్లు, మునిగిన బోట్లు, బావుల్లో పడ్డ యంత్రాలు తీసే పనుల్లోనే ఉన్నాను. మీకు జరిగింది చాలామందికి జరుగుతుంది. మీ కుర్రాళ్ళ అంచనా తప్పు కాదు. నీళ్ళలో ఆ రాయి బరువు నిజంగానే నూట ముప్పై అయిదు కిలోల దగ్గర ఉంటుంది. ఆ అంకెను తాడుకు వాడటం దగ్గరే పొరపాటు జరిగింది.

లెక్క చూడండి. మీరు చెప్పిన కొలతలతో ఆ స్తంభం పరిమాణం దాదాపు 80 లీటర్లు. గ్రానైట్ నీటికన్నా సుమారు 2.7 రెట్లు బరువు కాబట్టి గట్టు మీద ఆ రాయి 215 కిలోలు తూగుతుంది. నీళ్ళలో మునిగినప్పుడు అది 80 లీటర్ల నీటిని పక్కకు నెట్టి ఆ చోటు ఆక్రమిస్తుంది. 80 లీటర్ల నీళ్ళ బరువు 80 కిలోలు. సరిగ్గా అంత బరువును నీళ్ళు మోస్తాయి, మిగిలిన 135 కిలోలు మీ తాడు మోయాలి. ఇది క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దంలో సిరాక్యూజ్‌లో ఆర్కిమెడిస్ చెప్పిన సూత్రమే, మనమంతా బళ్ళో చదువుకున్నదే. కుర్రాళ్ళు ఎత్తింది ఒక కొసనే కాబట్టి వాళ్ళ మీద పడింది అందులో సగం, అంటే మనిషికి ముప్పై నాలుగు కిలోలు. అందుకే అంత సులువుగా లేచింది.

ఇప్పుడు రాయి నిలువుగా పైకి వస్తోందనుకోండి. ఒక్కో అడుగు నీళ్ళ పైకి వచ్చేకొద్దీ నీళ్ళు మోసే వాటాలో 16 కిలోలు తగ్గిపోతాయి, అవి తాడు మీద పడతాయి. మొదటి అడుగు బయటికి రాగానే 151, రెండో అడుగుకి 167, మూడో అడుగుకి 183, నాలుగుకి 199, పూర్తిగా బయటపడితే 215. మీ తాడు మూడో అడుగుకీ నాలుగో అడుగుకీ మధ్య తెగిందంటున్నారు కాబట్టి దాని బలం ఎక్కడ అయిపోయిందో కూడా దాదాపు చెప్పేయొచ్చు. గుర్తుంచుకోవాల్సింది ఇదే: నీళ్ళలో బరువు ఎంతైనా, తాడు, కొక్కెం, కప్పీ, పైన దూలం అన్నిటికీ గట్టు మీది బరువే లెక్క.

ఇక ఒత్తిడి సంగతి. లోతుకు వెళ్ళేకొద్దీ ఒత్తిడి పెరుగుతుందన్నది నిజమే, కానీ ఆ ఒత్తిడి రాయిని అన్ని వైపుల నుంచీ నొక్కుతుంది. మీ స్తంభాన్నే తాడుకు నిలువుగా వేలాడదీసి, పై కొస పది అడుగుల లోతులో, కింది కొస పదిహేను అడుగుల లోతులో ఉంచామనుకుందాం. పై ముఖం మీద నీళ్ళు కిందికి నొక్కే బలం 159 కిలోలు. కింది ముఖాన్ని పైకి నెట్టే బలం 239 కిలోలు. తేడా 80. అదే స్తంభాన్ని వంద అడుగుల లోతుకు దించితే పైనుంచి నొక్కేది 1,593 కిలోలు, కిందనుంచి నెట్టేది 1,673. తేడా మళ్ళీ 80. పక్కల నుంచి నొక్కేవి ఒకదానికొకటి సరిపోతాయి. రాయికి పైముఖానికీ కిందిముఖానికీ మధ్య అయిదడుగులే కాబట్టి ఆ అయిదడుగుల నీటి తేడానే దానికి దక్కేది. అందుకే రాయి, ఇనుము, సిమెంటు దిమ్మ లాంటి గట్టి వస్తువులు పది అడుగుల్లో ఎంత తూగుతాయో వంద అడుగుల్లోనూ అంతే తూగుతాయి. లోతుతో మారేది గాలి ఉన్న వస్తువుల సంగతి. దాని దగ్గరికి తర్వాత వస్తాను, అక్కడ ప్రమాదం ఎక్కువ కాబట్టి కొంచెం నిదానంగా చెప్పాలి.

బావిలో నీళ్ళు తోడినవాళ్ళందరికీ ఈ విషయం చేతికి తెలుసు. నిండిన బకెట్టు నీళ్ళలో ఉన్నంతసేపూ తాడు వదులుగా ఉన్నట్టే ఉంటుంది. పదిహేను లీటర్ల ఇనుప బకెట్టు కిలో బరువు ఉందనుకుంటే, నీళ్ళలో చేతికి తెలిసేది ముప్పాతిక కిలోకి కాస్త పైన, అంతే. లోపలి నీళ్ళు బయటి నీళ్ళలో ఏమీ తూగవు. అంచు నీళ్ళ పైకి రాగానే పదహారు కిలోలు ఒక్కసారి చేతి మీద పడతాయి. బోరు మోటారు లాగేవాళ్ళకు ఇదే ఇంకో రూపంలో ఎదురవుతుంది. మోటారు మీద ఉన్న వాల్వు నీటిని కిందికి పోనివ్వదు కాబట్టి పైపు నిండా నీళ్ళుంటాయి. లోపల 32 మిల్లీమీటర్లుండే పైపులో మీటరుకు 0.8 లీటరు పడుతుంది. బోరులో నీటిమట్టం వంద మీటర్ల కింద ఉంటే, ఆ మట్టానికి పైనున్న పైపులోని నీళ్ళే 80 కిలోలు. మోటారు బరువు, పైపు బరువు మాత్రమే లెక్క వేసుకుని తాడు కట్టినవాళ్ళు ఆ 80 కిలోల దగ్గర దెబ్బతింటారు.

నీళ్ళలో అన్నీ ఒకేలా తేలికవుతాయనుకోవడం ఇంకో పెద్ద అపోహ. ఎంత తేలికవుతుందనేది వస్తువు ఎంత చోటు ఆక్రమిస్తుందనే దాని మీదే ఉంటుంది. వంద కిలోల గ్రానైట్ నీళ్ళలో 63 కిలోలు తూగుతుంది. వంద కిలోల మామూలు కాంక్రీటు 58. వంద కిలోల ఉక్కు మాత్రం 87, సీసం 91. వంద కిలోల టేకు దుంగయితే అసలు మునగదు, దాన్ని కిందికి నొక్కి పట్టుకోవాలంటేనే బలం కావాలి. చెరువా సముద్రమా అన్నది పెద్ద తేడా తేదు. సముద్రపు నీరు మామూలు నీటికన్నా రెండున్నర శాతం మాత్రమే చిక్కన, మీ స్తంభానికి అక్కడ అదనంగా దొరికేది రెండు కిలోల సాయం.

ఉక్కు ఎనిమిదో వంతే తేలికవుతుందన్నది మన దగ్గర చాలామందికి 2024 సెప్టెంబరులో విజయవాడలో కళ్ళారా తెలిసింది. కృష్ణకు 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరదలో ఇసుక బోట్లు కొట్టుకొచ్చి ప్రకాశం బ్యారేజీ గేట్లను గుద్దాయి, గేట్లు ఎత్తడానికి ఎదురు బరువుగా ఉండే కౌంటర్ వెయిట్లు దెబ్బతిన్నాయి, బోట్లు అక్కడే మునిగి ఇరుక్కున్నాయి. ఒక్కొక్కటీ నలభై టన్నుల పైమాటేనని అప్పట్లో వార్తల్లో వచ్చింది. "నీళ్ళలోనే ఉన్నాయి కదా, తేలిగ్గా ఉంటాయి, క్రేనుతో లాగేస్తే పోలా" అని టీవీ చూస్తూ చాలామంది అన్నారు. నలభై టన్నుల ఉక్కు నీళ్ళలో ముప్పై అయిదు టన్నులు. దానికి తోడు పొట్టలో చేరిన ఇసుక, మీదుగా తోసే ప్రవాహం. డైవర్లు నీటి అడుగున గ్యాస్ కట్టర్లతో కోసే ప్రయత్నమూ చేశారు. ఆ కలక నీళ్ళలో, ఆ ప్రవాహంలో కోయడం ఎంత కష్టమో చేసినవాళ్ళకే తెలుసు. చివరికి పనికొచ్చింది పాత పద్ధతి: రెండు బోట్లను ఇనుప గడ్డర్లతో జతచేసి, వాటి మధ్య మునిగిన బోటును గొలుసు కప్పీలతో కొంత లేపి, పూర్తిగా బయటికి తీయకుండా నీళ్ళలోనే వేలాడుతుండగా తరలించడం. నాకు ఆ పద్ధతి మీద అపారమైన గౌరవం. నీళ్ళు ఎంత మోస్తాయో అంతా నీళ్ళతోనే మోయించి, మిగిలింది తేలే బోట్ల మీద వేశారు.

ఆ బోట్లే వరదకు ముందు నది మీద హాయిగా తేలాయి కదా, ఉక్కు బోటు ఎలా తేలుతుంది? బోటు బయటి గోడ ఆక్రమించే చోటు మొత్తం లెక్కలోకి వస్తుంది, లోపలి ఖాళీతో సహా. లోపల గాలి ఉన్నంతకాలం ఆ ఖాళీ అంతా నీళ్ళను నెడుతూ ఉంటుంది. నీళ్ళు లోపలికి వచ్చాయంటే బోటు ఆక్రమించేది ఉక్కు పలకల మందం వరకే. విశాఖ బీచ్‌లో మ్యూజియంగా ఉన్న ఐఎన్ఎస్ కుర్సురా చూసి ఉంటారు. ఆ జలాంతర్గామి నీటి మీద తేలేటప్పుడు పక్కకు నెట్టే నీరు సుమారు 1,950 టన్నులు, మునిగినప్పుడు సుమారు 2,475 టన్నులు. పొట్ట చుట్టూ ఉన్న ట్యాంకుల్లోకి అయిదు వందల టన్నుల పైచిలుకు సముద్రపు నీటిని రానిస్తే మునుగుతుంది, గాలి నింపి ఆ నీటిని తోసేస్తే లేస్తుంది. ఉక్కు అదే ఉక్కు.

2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ బోటు మునిగిన ఘోరం మనమెవరం మర్చిపోలేం. యాభై మంది దాకా ప్రాణాలు పోయాయి. ఆ బోటును ధర్మాడి సత్యం గారి బృందం అక్టోబరు 22న బయటికి తీసింది. మధ్యలో వరద వల్ల పని ఆపి మళ్ళీ మొదలుపెట్టాల్సి వచ్చింది. నదిలో మునిగిన బోటు రోజులు గడిచేకొద్దీ ఎందుకు మొండికేస్తుందో అడిగేవాళ్ళుంటారు. కారణం ఒండ్రు. తడి ఇసుక ఘనపు మీటరు రెండు టన్నులు. నీళ్ళలో ఉన్నప్పుడు అది ఒక టన్నే. కానీ పైకి లాగేటప్పుడు ఇసుక, అందులోని నీళ్ళు రెండూ వెంటనే కారిపోవు, కాబట్టి ఉపరితలం దగ్గర ఆ రెండో టన్ను కూడా వచ్చి పడుతుంది. బోటు లోపల పది ఘనపు మీటర్ల ఇసుక చేరిందంటే నీళ్ళలో పది టన్నులు, పైకొస్తే ఇరవై. అందుకే తీసేవాళ్ళు నీళ్ళ అంచు దగ్గర ఆగుతారు, నీరు కారనిస్తారు, మోటార్లతో తోడతారు, మళ్ళీ కొంచెం లాగుతారు. చూసేవాళ్ళకు "ఇంత దూరం వచ్చింది, ఇంకా ఎందుకు ఆలస్యం" అనిపిస్తుంది. పనంతా ఆ ఆఖరి కొన్ని అడుగుల్లోనే ఉంటుంది.

ఒండ్రు చేసే రెండో పని పట్టేసుకోవడం. మీ స్తంభానికీ ఇది వర్తిస్తుంది కాబట్టి వివరంగా రాస్తున్నాను. వస్తువును నీళ్ళు పైకి నెట్టాలంటే దాని కింద నీళ్ళుండాలి. మెత్తటి బంకమట్టిలో రాయి దిగబడి ఉంటే కిందిముఖానికి మట్టి అతుక్కుని ఉంటుంది. గబాల్న పైకి లాగితే ఆ ఖాళీలోకి నీళ్ళు వెంటనే చేరలేవు, కింద ఒత్తిడి పడిపోతుంది, పైనున్న నీళ్ళ ఒత్తిడి మాత్రం అలాగే ఉంటుంది. అప్పుడు నీళ్ళు సాయం చేయడం మానేసి మీకు ఎదురు పనిచేస్తాయి. నీళ్ళలో 135 కిలోలు తూగాల్సిన రాయి అంతకు రెండింతలు లాగినా కదలకపోవచ్చు. కదిలిన మరుక్షణం ఆ పట్టు పూర్తిగా వదిలేసి, రాయి ఒక్కసారిగా ఎగిరినట్టు వస్తుంది. తాళ్ళు తెగేది, పడవలు ఒరిగేది ఎక్కువగా ఆ క్షణంలోనే. మందు రెండు మాటల్లో: నిదానం, ఒక వైపు నుంచి. ఒక కొసకు తాడు కట్టి బిగించి కాసేపు అలాగే వదిలేయండి, నీళ్ళు సన్నగా కిందికి చేరతాయి. ఇంకా మొండికేస్తే పంపు పెట్టి పైపుతో నీటి ధారను రాయి అంచుల కిందికి కొట్టాలి.

ఈ ఒక్క పని మీద ఎంత శ్రమ పెట్టాలో స్వీడన్ వాళ్ళు చూపించారు. వాసా అనే యుద్ధనౌక 1628లో మొదటి ప్రయాణంలోనే స్టాక్‌హోమ్ రేవులో 32 మీటర్ల లోతున మునిగింది. మూడు వందల ఏళ్ళు దాటాక, 1957 నుంచి డైవర్లు దాని కింద బురదలో నీటి ధారలతో ఆరు సొరంగాలు తవ్వారు. కళ్ళకు ఏమీ కనబడని చీకట్లో, తల మీద ఆ నౌక ఉండగా. ఆ సొరంగాల గుండా ఉక్కు తాళ్ళు పంపి, పైన రెండు పెద్ద పాంటూన్లకు, అంటే నీటి మీద తేలే బోలు తొట్లకు కట్టారు. పాంటూన్లలో నీళ్ళు నింపి కిందికి దించడం, తాళ్ళు బిగించడం, నీళ్ళు తోడేయడం, పాంటూన్లు లేస్తూ నౌకను కొంచెం లేపడం. అలా 1959లో 18 విడతల్లో 16 మీటర్ల లోతున్న చోటికి జరిపారు. తర్వాత 1961 ఏప్రిల్ 24న అది నీళ్ళ పైకి వచ్చింది. మధ్యలో దాదాపు రెండేళ్ళు ఏం చేశారంటే, నౌకకు ఉన్న వేల కంతలు డైవర్లు మూశారు, పైకి వచ్చాక లోపలి నీళ్ళు తోడేస్తే తన బలం మీద తానే తేలాలని. ఆ ఓపిక గురించి చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది. రష్యా జలాంతర్గామి కుర్స్క్‌ను 2001 అక్టోబరులో 108 మీటర్ల లోతు నుంచి తీసినప్పుడు కూడా ఈ అడుగు పట్టు మీదే ఇంజినీర్లకు పెద్ద బెంగ. 26 కేబుల్ కట్టలతో బరువు పంచి, సముద్రపు అలలకు తాళ్ళు జర్కు తినకుండా పైన బార్జ్ మీద గ్యాస్ స్ప్రింగులు పెట్టి మరీ నిదానంగా లేపారు.

కొత్తగా నీళ్ళ కింద పనికి వచ్చేవాళ్ళకు నేను మొదట చెప్పే జాగ్రత్త ఇంకోటుంది. నీళ్ళలో బరువు తగ్గుతుంది, ద్రవ్యరాశి తగ్గదు. క్రేను కొక్కేనికి వేలాడే టన్ను కాంక్రీటు దిమ్మను డైవర్ ఒక చేత్తో నెట్టి జరపగలడు. అది చూసి ధైర్యం వస్తుంది. కానీ కదలడం మొదలైన టన్ను, టన్నులాగే కదులుతుంది, పైగా తన వెంట చుట్టూ ఉన్న కొంత నీటిని కూడా లాక్కొస్తుంది. చేత్తో కదిపినదాన్ని చేత్తో ఆపలేడు. మాతో పనిచేసిన ఒక కుర్రవాడు దిమ్మకీ జెట్టీ స్తంభానికీ మధ్య చెయ్యి పెట్టి ఆపబోయాడు. దిమ్మ చాలా నెమ్మదిగా వచ్చింది. అయినా వేళ్ళు నలిగిపోయాయి. హ్యూస్టన్‌లో నాసా వాళ్ళు నలభై అడుగుల లోతు కొలనులో వ్యోమగాములకు శిక్షణ ఇస్తారు, బరువు తెలియకుండా చేయడానికి నీటికన్నా మంచి దారి భూమ్మీద లేదు కాబట్టి. అక్కడ కూడా సూటు, పనిముట్లు తేలవు, మునగవు. కానీ ఒకసారి కదిలితే వాటిని ఆపడానికి బలం పెట్టాల్సిందే.

ఇప్పుడు గాలి సంగతి. మీరు ప్రశ్న చివర్లో "రెండు ఖాళీ ప్లాస్టిక్ డ్రమ్ములు మూత బిగించి కట్టి దించితే లేపుతాయా" అని అడిగారు. దయచేసి ఆ పని చేయకండి. మొదటి కారణం, 200 లీటర్ల ఖాళీ డ్రమ్మును పదిహేను అడుగుల కిందికి దించాలంటే 190 కిలోల బలంతో నొక్కాలి. అదెక్కడైనా జారిందంటే బాణంలా పైకి వస్తుంది, ఎవరి మొహానికి తగులుతుందో తెలియదు. రెండో కారణం, ఆ లోతులో దాని గోడల మీద చదరపు అడుగుకు 400 కిలోల పైన ఒత్తిడి పడుతుంది. మామూలు డ్రమ్ము నలిగిపోతుంది. నలిగితే ఆక్రమించే చోటు తగ్గుతుంది, లేపే బలమూ పోతుంది.

గాలితోనే లేపాలంటే పద్ధతి వేరు. డ్రమ్మును నీళ్ళు నింపి మామూలుగా దించి, మూతి కిందికి ఉండేలా వస్తువుకు కట్టి, అప్పుడు కంప్రెసర్ గొట్టంతో లోపల గాలి నింపాలి. గాలి వచ్చేకొద్దీ నీళ్ళు కింది మూతి గుండా పోతాయి. లోపలా బయటా ఒత్తిడి దాదాపు ఒకటే కాబట్టి డ్రమ్ము నలగదు. మేం వాడే లిఫ్ట్ బ్యాగులు, అంటే గాలి నింపి బరువులు లేపే సంచులు పనిచేసేదీ ఇలాగే. అయితే ఇక్కడ ఒక మాయ ఉంది. పదిహేను అడుగుల కింద నింపిన 100 లీటర్ల గాలి పైకి వచ్చేసరికి 145 లీటర్లవుతుంది. పది మీటర్ల లోతులో నింపితే పైకొచ్చేసరికి రెట్టింపు. అంటే కదలడం మొదలైన వస్తువుకు పైకి వచ్చేకొద్దీ లేపే బలం పెరుగుతూ పోతుంది, వేగం పెరుగుతూ పోతుంది, ఆపడం ఎవరి తరమూ కాదు. నీటి మీదికి అంత వేగంతో వచ్చిన బ్యాగు ఎగిరి, ఒరిగి, గాలంతా వదిలేసి, వస్తువుతో సహా మళ్ళీ కిందికి పోతుంది. కింద డైవర్ ఉంటే అతని మీదికి. అందుకే అనుభవం ఉన్నవాళ్ళు ఒక పెద్ద బ్యాగు బదులు చిన్నవి కొన్ని వాడతారు, వస్తువు లేచే ముందర ఆగి చూస్తారు, గాలి వదిలే తాడు చేతిలో ఉంచుకుంటారు. అలవాటు లేనివాళ్ళు కోనేరులో ప్రయత్నించే పని కాదిది.

మనిషి శరీరం నీటితో దాదాపు సమానమైన సాంద్రత. డెబ్బై కిలోల మనిషి పూర్తిగా మునిగితే ఊపిరి నిండా పీల్చుకున్నప్పుడు తేలతాడు, వదిలేస్తే మెల్లగా మునుగుతాడు. తేడా ఒకటి రెండు కిలోలే. అందుకే లైఫ్ జాకెట్టు డెబ్బై కిలోలు మోయనక్కర్లేదు, నోరూ ముక్కూ నీళ్ళ పైన ఉంచితే చాలు, దానికి పది పదిహేను కిలోల లేపే బలం సరిపోతుంది. పాపికొండల బోటు ఎక్కినప్పుడు "ఇంత పల్చటిది నన్నేం మోస్తుంది" అని పక్కన పెట్టేవాళ్ళను నేను చూశాను. మోస్తుంది. బకిల్ బిగించి ఉంటేనే మోస్తుంది, లేకపోతే జాకెట్టు ఒక్కటే పైకి తేలుతుంది. నీళ్ళలోంచి మనిషిని పడవలోకి ఎక్కించేటప్పుడు మాత్రం డెబ్బై కిలోలూ, తడిసిన బట్టలూ కలిపి మోయాలి. అందరూ ఒకే వైపు వంగి చేతులు పట్టి లాగితే చిన్న పడవలు తిరగబడేది అందుకే.

మీ స్తంభం దగ్గరికి వస్తాను. కోనేరుకు మెట్లున్నాయన్నారు. అది పెద్ద సౌకర్యం. నిలువుగా పైకి లాగే ఆలోచన వదిలేసి, రాయి నీళ్ళలో ఉండగానే మెట్ల వైపుకు జరపండి, 135 కిలోలే కాబట్టి సులువు. పూడిక కోసం కోనేరు మొత్తం తోడేద్దామని మీ పెద్దలు అంటున్నారన్నారు. తోడేముందే జరపండి, నీళ్ళు పోయాయంటే ఆ 80 కిలోల సాయం కూడా పోతుంది. మెట్ల మీద రెండు సరుగుడు వాసాలు పక్కపక్కన పరిచి, వాటి మీదుగా ఒక టన్ను గొలుసు కప్పీతో ఏటవాలుగా లాగండి. గొలుసు కప్పీ ఎక్కడ ఆపితే అక్కడ ఆగుతుంది, మనుషుల చేతుల్లోంచి జారే ప్రమాదం ఉండదు. ఆరడుగులు లాగాక ఒకసారి ఆగి, బురద కడిగి, కట్లు చూసుకుని మళ్ళీ మొదలుపెట్టండి.

తాడు కొత్తది తీసుకోండి. పదహారు మిల్లీమీటర్ల మంచి పాలీప్రొపిలీన్ తాడు తెగే బలం మూడు టన్నుల పైనే ఉంటుంది. 215 కిలోలకు అంతెందుకు అనకండి. ముడి వేసిన చోట తాడు బలం దాదాపు సగమే. రాతి అంచు కోస్తుంది, జర్కు తగిలితే క్షణంపాటు బరువు రెట్టింపవుతుంది. ఎండలో ఏళ్ళ తరబడి పడి ఉన్న తాడు చూడ్డానికి బాగానే ఉన్నా లోపల పొడైపోయి ఉంటుంది. మీది అలాంటిదే అయి ఉంటుందని నా అనుమానం. క్రేను సామాన్లు అమ్మే షాపుల్లో దొరికే ఊదారంగు బెల్టు స్లింగ్ అయితే ఇంకా మేలు, దాని సామర్థ్యం టన్ను. ఒకవేళ పైన దూలానికి మామూలు కప్పీ కట్టి తాడును కిందికి లాగే పద్ధతే వాడాల్సి వస్తే, దూలం మీద పడేది రాయి బరువు ఒక్కటే కాదు, మీరు లాగే బలం కూడా. 215, మరో 215, వెరసి 430 కిలోలు. మొన్న మీ దూలం నిలిచింది కదా అని నమ్మకం పెట్టుకోవద్దు, దాని మీద ఆ మొత్తం బరువు ఇంకా పడనే లేదు.

లాగేటప్పుడు నీళ్ళలో ఎవరూ ఉండకూడదు. తాడుకు ఎదురుగా, తాడు వరసలో కూడా ఎవరూ నిలబడకూడదు, తెగిన తాడు వెనక్కి కొడుతుంది. కుర్రాళ్ళను ఊపిరి బిగబట్టి బురద నీళ్ళలో మళ్ళీ మళ్ళీ దించకండి. కట్టు కట్టడానికి ఒకసారి, చూడటానికి ఒకసారి, అంతే. దిగిన ప్రతిసారీ నడుముకు తాడు, గట్టు మీద ఆ తాడు పట్టుకుని ఇంకొకరు ఉండాలి.

ఇంకొక్కటి. కోనేరులో దొరికిన రాతి స్తంభం అంటున్నారు. దాని మీద చెక్కడం గానీ అక్షరాలు గానీ ఉన్నాయేమో చేత్తో తడిమి చూడమనండి. ఉంటే లాగే పని అక్కడితో ఆపి తహసీల్దారు గారికి, పురావస్తు శాఖకు తెలియజేయండి. భూమిలో దొరికిన పాత విలువైన వస్తువుల గురించి 1878 నాటి చట్టం ప్రకారం కలెక్టరుకు చెప్పాల్సిన బాధ్యత కూడా ఉంటుంది. శాసనం ఉన్న రాయికి ఇనుప తాడు, గొలుసు నేరుగా చుట్టకూడదు. గోనెసంచులు మందంగా చుట్టి, వెడల్పాటి బెల్టుతోనే ఎత్తాలి.

అడుగున బురద ఎంత మందం ఉందో, రాయి అందులో ఎంత దిగబడి ఉందో, మెట్లు ఏ వాలులో ఉన్నాయో కొలిచి రాయండి. ఏటవాలుగా లాగడానికి ఎంత బలం కావాలో, కప్పీని గట్టు మీద దేనికి కట్టాలో లెక్క వేసి చెప్తాను.